మూడు వందల పన్నెండు మంది గ్రంథకర్తలు, ఒక మోటారు స్విచ్చి

ముప్ఫై మూడేళ్ళు భౌతికశాస్త్రం బోధించడం వల్ల నాకొక దురలవాటు మిగిలిపోయింది. ఎవరైనా ఏదైనా సాధించామని ప్రకటిస్తే, దాన్ని ఎలా కొలిచారని అడగబుద్ధవుతుంది. ఈ అలవాటు వల్ల పదవీ విరమణ తరువాత నాకు సన్మాన సభల పిలుపులు బాగా తగ్గాయి. అయినప్పటికీ గత జులైలో మా ఊరి ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడు కూర్మారావు గారు స్వయంగా మా ఇంటికి వచ్చి, పాఠశాల ప్రచురణ సమితిలో సామాజిక సభ్యుడిగా ఉండమని నన్ను కోరారు.

"మీరేమీ చేయనక్కర్లేదు మాస్టారూ. సంతకం పెడితే చాలు. ఊళ్ళో అడిగిన చోట సంతకం పెట్టే పెద్దమనుషులు చాలామంది ఉన్నారు గానీ, చేతిలో కలం ఉన్నవారు మీరొక్కరే."

ఆయన సంచిలోంచి ఒక సర్క్యులరు తీసి ఇచ్చారు. పథకం పేరు 'బాల గ్రంథకర్త'. దాని ఉద్దేశం మంచిదన్న మాట ముందే చెప్పుకోవాలి. పిల్లలు తమ మాటల్లో రాయాలి, రాసినది నలుగురితో పంచుకోవాలి, అచ్చులో చూసుకుని సంతోషపడాలి. దీన్ని కాదనేవారెవరుంటారు? అయితే ప్రతి కార్యాలయంలోనూ మంచి ఉద్దేశాలను శాతాలుగా మార్చే యంత్రమేదో ఒకటి ఉంటుందని నా అనుమానం. ఈ ఉద్దేశం కూడా ఆ యంత్రంలోంచి ఈ విధంగా బయటికి వచ్చింది:

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, అక్టోబరు మాసాంతమునకు ప్రతి పాఠశాలయందును నూటికి నూరు శాతము విద్యార్థులు గ్రంథకర్తలుగా రూపొందవలెను. గ్రంథకర్త కాని విద్యార్థి ఎవరేని మిగిలియున్నచో, అట్లు మిగులుటకు గల కారణములను నిర్ణీత నమూనాలో మూడు ప్రతులలో సమర్పించవలెను. ప్రచురితమైన ప్రతి రచనయు ఉన్నతాధికారుల దృష్టికి తీసుకొని రాబడును."

"పాఠశాలలో ఎంతమంది పిల్లలు?" అని అడిగాను.

"మూడు వందల పన్నెండు."

"వారిలో తప్పుల్లేకుండా ఒక పేరా రాయగలవారు?"

కూర్మారావు గారు నిజాయితీపరులు. కాసేపు ఆలోచించి, "రాయడం బొత్తిగా రానివాళ్ళే నలభై ఒక్కరున్నారు" అన్నారు.

"మరి వాళ్ళు గ్రంథకర్తలెలా అవుతారు?"

"రాయడం వేరు, గ్రంథకర్త కావడం వేరు మాస్టారూ. సర్క్యులరులో రాయడం అన్న మాట ఎక్కడా లేదు, చూసుకోండి."

చూశాను. నిజంగానే లేదు.

"ఇన్ని పుస్తకాలు చదివేది ఎవరండీ?"

"దానికి వేరే పథకం వస్తుందంటున్నారు."

పుస్తకం పదహారు పుటలుండాలి. ముందు అట్ట, వెనుక అట్ట పోగా, రాష్ట్ర అధికారి సందేశం, జిల్లా అధికారి సందేశం, ఉప విద్యాధికారి సందేశం, మండల అధికారి సందేశం, ప్రధానోపాధ్యాయుని ముందుమాట, ప్రచురణ సమితి సభ్యుల పట్టిక, పథక లక్ష్యాలు, 'ఈ రచన పూర్తిగా నా సొంతము' అన్న హామీ పత్రం, గ్రంథకర్త ఫొటోతో సహా జీవిత విశేషాలు, ఇవి ఒక్కొక్కటీ ఒక్కో పుట. పాఠకుల అభిప్రాయాల కోసం మరో పుట ఖాళీగా వదలాలి. అవన్నీ లెక్కపెడితే గ్రంథకర్తకు మిగిలేవి నాలుగు పుటలు.

"నాలుగు సరిపోతాయా?" అన్నాను.

"ఎక్కువవుతాయేమోనని భయంగా ఉంది," అన్నారాయన.

ఆ భయం తీర్చడానికే కాబోలు, సర్క్యులరుకు ఒక నమూనా వ్యాసాన్ని జతపరిచారు. 'మా పాఠశాల' అన్నది దాని పేరు. విద్యార్థులు ఆ నమూనాను ఆదర్శంగా తీసుకుని స్వతంత్రంగా రాయాలి. రాసినవాటిని కంప్యూటరు నమూనాతో పోల్చి చూస్తుంది. సామ్యం డెబ్బై శాతం దాటితే 'మౌలికత నిర్ధారితం' అని, దాటకపోతే 'మౌలికత సందేహాస్పదం' అని చెబుతుంది. ఈ పద్ధతి నాకు రెండుసార్లు చదివినా అర్థం కాలేదు. మూడోసారి చదివాక అర్థమైంది గానీ, అర్థం కాకపోయి ఉంటేనే బాగుండేది.

సెప్టెంబరు రెండో వారానికి రాతప్రతులన్నీ వచ్చాయి. నాకు అప్పగించిన పని సంతకం ఒక్కటే అయినా, చదవకుండా సంతకం పెట్టే అలవాటు లేక, సైన్సు గదిలో కూర్చుని నాలుగు రోజుల పాటు వాటిని చదివాను. "మా పాఠశాల విశాలమైన ప్రాంగణంలో, పచ్చని చెట్ల నడుమ, ఎత్తైన ప్రహరీతో అలరారుచున్నది" అని ఆరో తరగతి పిల్లలు రాశారు. ఏడో తరగతి వారూ అదే రాశారు. పాఠశాలకు ప్రహరీ లేదు. చెట్లన్న మాటకొస్తే సైకిళ్ళ షెడ్డు పక్కన ఒక వేపచెట్టు ఉంది. ఒక పదిహేడు మంది నమూనాలోని సూచనను కూడా భక్తిగా ఎక్కించుకుని, "మా పాఠశాల పేరు ఇక్కడ మీ పాఠశాల పేరు వ్రాయండి" అని రాశారు. కంప్యూటరు వీరికి తొంభై తొమ్మిది శాతం మౌలికతను ప్రసాదించింది.

మూడో రోజు మధ్యాహ్నం ఎనిమిదో తరగతి కట్టలో రౌతు యశోద రాతప్రతి చేతికొచ్చింది. నోటుబుక్కు తెచ్చినది తెచ్చినట్టే ఇచ్చేసింది. శీర్షిక 'మా బడి ట్యాంకు'. సరిగ్గా నాలుగు పేజీలు.

"మా బడి మేడ మీద నల్ల ట్యాంకు ఉంది. దాని మూత సగం విరిగిపోయింది. రోజూ ఒక కాకి వచ్చి దాని మీద కూర్చుంటుంది. ట్యాంకు నిండుగా ఉంటే నీళ్ళు తాగి రెక్కలు తడుపుకుని పోతుంది. నీళ్ళు అడుక్కి పోతే లోపలికి తల పెట్టి అరుస్తుంది. లోపల ఖాళీ కాబట్టి అరుపు పెద్దగా వినబడుతుంది. అందుకని మాకు తరగతిలో కూర్చునే తెలిసిపోతుంది."

మొదటి రెండు పేజీలూ ఇలా ట్యాంకు గురించీ కాకి గురించీ. మూడో పేజీ:

"జులై ఆరు నుంచి ముప్ఫై రెండు బడి రోజులు కుళాయి దగ్గర టైము రాసుకున్నాను. ఇరవై తొమ్మిది రోజులు పదకొండుంపావుకి అటూ ఇటూగా నీళ్ళు ఆగిపోయాయి. ఆగిపోయాక బాత్రూములకి తాళం వేసేస్తారు. మా తరగతిలో ఆడపిల్లలం పంతొమ్మిది మందిమి. పదహారు మందిమి పొద్దున్న ఇంటి దగ్గర నీళ్ళు తాగకుండా వస్తాం. అన్నం తినేటప్పుడు గొంతు దిగడానికి మాత్రం తాగుతాం. ఆగస్టు తొమ్మిదిన దమయంతి ప్రార్థనలో పడిపోయింది. ఎండదెబ్బ అన్నారు. ఆ రోజు మబ్బుగా ఉంది."

నాలుగో పేజీ:

"మూడు రోజులు మాత్రం నీళ్ళు నాలుగింటి దాకా వచ్చాయి. ఆ మూడు రోజులూ బడి ఊడ్చి మోటారు వేసే అప్పలనర్సమ్మ పిన్ని పొద్దున్న మోటారు వేసిన సంగతి మరిచిపోయి మళ్ళీ వేసింది. కాబట్టి పదకొండింటికి ఇంకోసారి ఇరవై నిమిషాలు వేస్తే సరిపోతుందని నా అంచనా. మూడు రోజులు తక్కువ. ఇంకో పది రోజులు వేసి చూస్తే నా అంచనా సరో కాదో తెలుస్తుంది."

ఆ చివరి వాక్యాన్ని ముప్ఫై మూడేళ్ళలో నేను ఏ ఒక్క విద్యార్థి చేతా రాయించలేకపోయాను. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. గదిలో దుమ్ము ఎక్కువగా ఉంది.

చదవడం పూర్తయిన మరుసటి రోజు సమితి సమావేశమైంది. కూర్మారావు గారు, తెలుగు పండితులు జగ్గారావు గారు, నేను. కంప్యూటరు ఫలితాల కాగితం బల్ల మీద ఉంది.

"మూడు వందల పదకొండు నిర్ధారితం," అన్నారు కూర్మారావు గారు. "ఒక్కటే సందేహాస్పదం. ఈ రౌతు వారమ్మాయిది. సామ్యం నాలుగు శాతం."

"ఆ నాలుగు శాతం ఎక్కడ కలిసింది?" అని అడిగాను.

"పేరు, తరగతి, తేదీ."

జగ్గారావు గారు నోటుబుక్కు తిరగేసి నిట్టూర్చారు. "అమ్మాయికి భాష ఉంది, కాదనను. కానీ దీన్ని వ్యాసమంటారా? ఫిర్యాదంటారు. పైగా ఆడపిల్లలు బాత్రూముకి వెళ్ళే విషయాలు అచ్చులో వస్తే బాగుంటుందా మాస్టారూ?"

"వెళ్ళలేని విషయం కదండీ రాసింది," అన్నాను.

"అది ఇంకా బాగుండదు."

నేను కూర్మారావు గారి వైపు తిరిగాను. "పుస్తకం సంగతి అలా ఉంచండి. పదకొండింటికి ఇంకోసారి మోటారు వేయిస్తే ఏం పోతుంది? స్విచ్చి మీ గది వెనకే ఉంది."

ఆయన బీరువా తెరిచి మోటారు రిజిస్టరు తీసి నా ముందు పెట్టారు. "చూడండి. తేదీ, వేసిన వేళ, ఆపిన వేళ, సంతకం. రోజుకి ఒక్క గడి. రెండోసారి వేస్తే ఎక్కడ రాయమంటారు?"

"పక్కన గీత గీసుకోండి."

"నేను గీసుకోవచ్చు మాస్టారూ. రేపు తనిఖీకి వచ్చినవాళ్ళు, గీత ఎవరి ఉత్తర్వు మీద గీశావని అడిగితే? ఆ మూడు రోజులు వేసినందుకే నర్సమ్మకి మెమో ఇచ్చాను. ఆ మరుపు నాలుగోసారి జరగకూడదు."

"మంచి మరుపు కదండీ."

"మరుపుకి మంచీ చెడూ ఉండవు. రిజిస్టరులో ఉందా లేదా అన్నదే ఉంటుంది."

చివరికి బేరం ఇలా కుదిరింది. యశోద పుస్తకాన్ని తిరస్కరిస్తే పాఠశాల లెక్క మూడు వందల పదకొండు దగ్గర ఆగిపోతుంది, కారణాలను మూడు ప్రతుల్లో పంపాలి. అది కూర్మారావు గారికి ఇష్టం లేదు. ఉన్నదున్నట్టు అచ్చువేయడం జగ్గారావు గారికి ఇష్టం లేదు. కనుక కాకి ఉన్న మొదటి రెండు పేజీలనూ ఉంచి, మూడు, నాలుగు పేజీల స్థానంలో 'నీరు ప్రకృతి వరం' అన్న జగ్గారావు గారి రచనను చేర్చాలి. నీటిని పొదుపుగా వాడుకొనుట విద్యార్థుల కర్తవ్యమని అందులో ఉంది. ఆ నీటిని ఎనిమిదో తరగతి ఆడపిల్లలు అప్పటికే ఎంత పొదుపుగా వాడుతున్నారో పండితుల వారికి తెలియనిది కాదు.

నేను అభ్యంతరం చెప్పాను. దాన్ని మినిట్సులో 'సుహృద్భావ వాతావరణంలో చర్చ జరిగినది' అని నమోదు చేశారు. నేను సంతకం పెట్టకపోతే పుస్తకమే ఉండదు, ఆ రెండు పేజీలూ పోతాయి. పెట్టాను. శాస్త్రీయ దృక్పథాన్ని గురించి ముప్ఫై మూడేళ్ళు ఉపన్యసించిన చేత్తోనే పెట్టాను.

బయట వరండాలో యశోద కాచుకుని ఉంది. రెండు జడలు, భుజాన సంచి, ఎదుటివారి ముఖాన్ని గడియారంలా చదివే చూపు.

"నాది అచ్చవుతాదాండి మాస్టారూ?"

"అవుతుందమ్మా. రెండు పేజీలు."

"ఏ రెండండి?"

"కాకి ఉన్నవి."

 "కాకి ఊరికే రాసేనండి," అంది. "అందరూ చదవాలని ముందు కాకిని పెట్టేను. అసలుది మూడోదీ నాలుగోదీను. అచ్చయితే పెద్దోళ్ళు చూస్తారని సర్క్యులరులో ఉన్నాదని సార్ చెప్పేరు కదండి."

నేను సంతకం పెట్టిన కలాన్ని జేబులో పెట్టుకున్నాను. "పోనీ నా నోటుబుక్కు ఇచ్చేస్తారాండి?" అని అడిగింది. సమితికి చేరిన రాతప్రతులు రికార్డు అవుతాయి, తిరిగి ఇవ్వరు. ఆ నిబంధనను కూడా నేనే చెప్పవలసి వచ్చింది. నిబంధనలు చెప్పడానికి మనిషి చాలు, వాటిని రాయడానికే పెద్ద పదవి కావాలి.

అక్టోబరు ఇరవై ఎనిమిదిన గ్రంథావిష్కరణ. మూడు వందల పన్నెండు పుస్తకాలను బల్లల మీద గోపురంలా పేర్చారు. ఉప విద్యాధికారి పరాంకుశం గారు పది గంటలకు రావలసినవారు పదిన్నరకే వచ్చి అందరినీ ఆశ్చర్యపరిచారు. వచ్చిన వెంటనే కొబ్బరి బొండం, ఆ తరువాత టీ, ఆ తరువాత వేదిక మీద మజ్జిగ ఇచ్చి పాఠశాల ఆయనను గౌరవించింది.

"ఈ రోజు," అన్నారాయన మైకు ముందు, "మన మండలం అక్షరాస్యత దశను దాటి గ్రంథకర్తృత్వ దశలోకి ప్రవేశించినది. ఒకప్పుడు గ్రామానికి ఒక రచయిత ఉండుట గొప్ప. నేడు ఈ ఒక్క పాఠశాలయందే మూడు వందల పన్నెండుగురు. వీరందరి గ్రంథములును తొంభై ఆరు శాతము ఏకరూపతను సాధించుట నాణ్యతకు నిదర్శనము. ఎవరి ప్రతిభ ఎవరికన్న తక్కువ కాదని దీనివలన తేటతెల్లమగుచున్నది."

చప్పట్లు మోగాయి. అవి ఆగేసరికి మేడ మీద నుంచి కాకి అరుపు వినబడింది. గట్టిగా, డొల్లగా. ఎనిమిదో తరగతి ఆడపిల్లల వరుసలో పంతొమ్మిది తలలూ ఒకేసారి పైకి లేచి దిగాయి. నేను గడియారం చూసుకున్నాను. పదకొండూ పన్నెండు నిమిషాలు.

ప్రసంగం ఇంకో అరగంట సాగింది. చివరి ఐదు నిమిషాలలో పరాంకుశం గారి వాక్యాలు క్రమంగా పొట్టివయ్యాయి. గ్రాంథికం పోయి వాడుక భాష వచ్చింది. వేదిక దిగీ దిగగానే కూర్మారావు గారి చెవిలో ఏదో అన్నారు. అతిథి కోసం బాత్రూము తాళం తీయించారు. చేతులు తుడుచుకునే తువ్వాలు పట్టుకుని తలుపు బయట నిలబడే బాధ్యతను స్వాగత బృందంలో ఉన్న యశోదకు అప్పగించారు. మేమందరం మర్యాదగా పది అడుగుల దూరంలో వేపచెట్టు కింద నిలబడ్డాం.

కొంతసేపటికి లోపల కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. నీళ్ళ చప్పుడు వినిపించలేదు. కుళాయి మళ్ళీ తిప్పారు.

"ఎవరక్కడ?" అంది లోపలి గొంతు. "నీళ్ళు రావడం లేదు."

"రావండి," అంది యశోద. "పదకొండుంపావుకి ఆగిపోతాయండి. మూడో పేజీలో రాసేనండి."

"ఏ మూడో పేజీ?"

"మీరు ఇందాక ఆవిష్కరించిన నా పుస్తకంలోదండి. తీసేసేరండి."

లోపల కుళాయి ఇంకోసారి తిరిగింది. "మళ్ళీ ఎప్పుడొస్తాయి?"

"రేపు తొమ్మిదింటికండి."

లోపల ఖాళీ బకెట్టు కదిలిన చప్పుడైంది. తరువాత, "హెడ్మాస్టరు గారూ, మోటారు వేయించండి," అన్నారు పరాంకుశం గారు. అధికార స్వరం అలాగే ఉంది గానీ తలుపు అడ్డం రావడం వల్ల కొంత తగ్గి వినిపించింది.

కూర్మారావు గారు నర్సమ్మను చూశారు. నర్సమ్మ చీపురు గోడకి ఆనించి చేతులు కట్టుకుంది.

"ఎయ్యమంటే ఎయ్యడానికి నాకేటండి బాబూ. రెండోపాలి ఏసినందుకే మెమో ఇచ్చేరు. రిజిస్టరులో గడి నేదన్నారు. కాయితం మీద రాసియ్యండి, ఏస్తాను."

"అయ్యగారు నోటితో చెప్తున్నారు కదే."

"నోటిమాట తలుపు దాటి వస్తాది గానండి, సంతకం రాదు కదండీ."

ఇందులో దోషమేమీ కనబడలేదు. కూర్మారావు గారు కార్యాలయంలోకి పరుగెత్తి ఉత్తర్వు రాసుకొచ్చారు. "ఈ దినమున ప్రత్యేక పరిస్థితుల దృష్ట్యా, మోటారును రెండవ పర్యాయము నడుపుటకు అనుమతించడమైనది. ఇది ఈ ఒక్క దినమునకు మాత్రమే వర్తించును." కాగితాన్నీ కలాన్నీ తలుపు కింద నుంచి లోపలికి తోశారు. ఒక నిమిషం తరువాత కాగితం సంతకంతో తిరిగి వచ్చింది. కలం రాలేదు. నర్సమ్మ కాగితాన్ని రెండు వైపులా తిప్పి చూసి, మడిచి నడుంలో దోపుకుని, నెమ్మదిగా నడిచి వెళ్ళి స్విచ్చి వేసింది.

నీళ్ళు రావడానికి ఏడు నిమిషాలు పట్టింది. యశోద దగ్గర గడియారం లేదు. నాది చూసి చెప్పమంది.

ఆ రోజు సాయంత్రం నాలుగింటి దాకా నీళ్ళు వచ్చాయి. తాళం వేయడం ఎవరికీ గుర్తు రాలేదు. మధ్యాహ్న భోజనం దగ్గర ఆడపిల్లలు గ్లాసుల కొద్దీ నీళ్ళు తాగడం చూశాను. ఆగస్టులో ప్రార్థనలో పడిపోయిన దమయంతి మూడు తాగింది. మర్నాడు మోటారు ఒక్కసారే వేశారు. పదకొండూ ఇరవైకి కాకి అరిచింది.

పన్నెండు రోజుల తరువాత ఉప విద్యాధికారి కార్యాలయం నుంచి సర్క్యులరు వచ్చింది. కూర్మారావు గారు దాన్ని సంతోషంగా నాకు చూపించారు.

"క్షేత్రస్థాయి పరిశీలనలో తేలిన అంశముల ఆధారముగా, ఇకపై పాఠశాలలయందు జరుపబడు గ్రంథావిష్కరణ కార్యక్రమములన్నియు ఉదయం పదకొండు గంటలలోపు విధిగా ముగించవలెను. అతిథులకు మజ్జిగ ఇచ్చుట నిషేధించడమైనది."

ఒక విద్యార్థి సేకరించిన లెక్కల మీద ఒక ప్రభుత్వ ఉత్తర్వు వెలువడడం నా ఉద్యోగ జీవితంలో గానీ తరువాత గానీ నేను చూడలేదు. ఇదే మొదటిది. కొలతలో తప్పు లేదు. ఫలితాన్ని అన్వయించడంలోనూ, తమ వరకు, తప్పు లేదు.

సర్క్యులరు నకలు పట్టుకుని వరండాలో యశోదను వెతికి చూపించాను. కొత్త నోటుబుక్కు ఒళ్ళో ఉంది. అక్టోబరు ఇరవై ఎనిమిది దగ్గర 'నాలుగింటి దాకా. ఇది నాలుగో రోజు' అని రాసి, కింద గీత గీసుకుంది. సర్క్యులరు పూర్తిగా చదివింది.

"అంటే నాది చదివేరన్నమాటేనాండి?"

"చదివారమ్మా. మూడో పేజీ దాకా."

కాగితం మడిచి నాకు ఇచ్చేసి, కలం మూత తీసింది.

"నాలుగో పేజీ దానికన్నా చిన్నదండి, అదీ చదివేయొచ్చు," అంది.